వంకర చక్రం

పిల్లలూ! మీ ఇంట ఎస్‌యూవీ కారు ఉంటే, అది ఆగి ఉన్నప్పుడు పెద్దవాళ్లను అడిగి, ముందు టైరును అడ్డంగా మెల్లగా నిమిరి చూడండి. ఒకవైపుకు నిమిరితే నున్నగా, తిరిగి నిమిరితే రంపపు పళ్లలా తగిలిందా? ఆ చక్రం బండి పోయే దారికి వంకరగా ఉన్నదన్నమాట.

వంకర ఒక్క డిగ్రీయే అనుకుందాం. కోణమానినిలో అతి చిన్న గీత! అయినా కిలోమీటరు నడిచేసరికి ఆ చక్రం సుమారు 17 మీటర్లు పక్కకు పోజూస్తుంది. బండి దాన్ని పోనివ్వదు గదా! అందుచేత రబ్బరు రోడ్డుమీద ఒరుసుకుంటూ ఈడ్వబడుతుంది. బరువైన బండి కనుక ఒరపిడి మరీ ఎక్కువ. అరిగిన టైరు వానలో జారుతుంది. డబ్బు నష్టంకన్న నాకు ఇదే భయం.

గోతిలో గట్టిగా పడ్డా, స్ప్రింగులు మార్చి బండిని ఎత్తు చేసినా కోణం మారవచ్చు. ఈ ఎత్తు చేయడం కొందరికి సరదా!

సరిచేసే మేస్త్రీ ముందుగా టైర్లలో గాలి, స్టీరింగు కీళ్ల వదులు చూడాలి. కీలు వదులైతే ఎంత దిద్దినా నిలవదు. ఆ తరువాత స్టీరింగును తిన్నగా నిలిపి, టై రాడ్డు పొడవును సవరించి, కంపెనీవారు చెప్పిన కొలతకు తేవాలి. ఆ కొలత అన్ని బండ్లకూ ఒకటి కాదు.