బైపీసీ అంటే నీట్ ఒక్కటేనా?



పిల్లలు "బైపీసీ తీసుకుంటాం" అనగానే మనకు గుర్తొచ్చేది నీట్. సీటు రాకపోతే లాంగ్ టర్మ్. డాక్టర్ కావాలనుకోవడం మంచిదే. కానీ జీవశాస్త్రంలో దారి అదొక్కటే కాదు.

చెరువులో పచ్చగా కనిపించే నాచునే తీసుకోండి. శైవలాల్లో చాలావాటికి బి12 విటమిన్ కావాలి. కానీ అవి దాన్ని తయారుచేసుకోలేవు. మరి ఎక్కడి నుంచి వస్తుంది? కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఆలిసన్ స్మిత్ బృందం 326 జాతుల వివరాలు పరిశీలించింది. సగానికి పైగా జాతులకు బి12 బయటి నుంచి అందాల్సిందే. ల్యాబ్‌లో విటమిన్ కలపకపోయినా, బ్యాక్టీరియా తోడుంటే శైవలం పెరిగింది. బ్యాక్టీరియా విటమిన్ ఇస్తుంది, శైవలం ఎండతో వండుకున్న ఆహారంలో వాటా ఇస్తుంది. 2005లో 'నేచర్' పత్రిక దీన్ని ప్రచురించింది.

ఇలాంటి ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు ఉండవు. ఓపికగా గమనించే పిల్లలే దీనికి జవాబు వెతకగలరు. అలాంటివారు మన ఇళ్లలోనూ ఉన్నారు. వారిని ఇష్టం లేని కోచింగ్‌లో ఏళ్ల తరబడి కూర్చోబెడితే పోయేది ఫీజు ఒక్కటే కాదు, ఆ ఆసక్తి కూడా.

పరిశోధనలో స్థిరపడటానికి సమయం పడుతుంది, నిజమే. కానీ తిరుపతిలోనే ఐసర్ ఉంది, దాని ప్రవేశ పరీక్ష వేరే ఉంది. ఇంటర్ గ్రూపు ఖాయం చేసేముందు ఈ దారి గురించీ పిల్లలతో మాట్లాడండి.

ఈ వారం మార్కుల కన్నా ముందు ఒక్క మాట అడగండి: "ల్యాబ్‌లో ఏం చూశావురా?"