లంఖణానికి చలిజ్వరం పోతుందా?



మా చిన్నతనంలో చలిజ్వరం వచ్చినవాడికి అన్నం పెట్టేవారు కారు. "లంఖణం పరమౌషధం" అనేది మా అమ్మమ్మ. మనకు తిండి లేకపోతే లోపలి జ్వరానికీ తిండి ఉండదని ఆవిడ లెక్క. ఆ లెక్క ఎంతవరకు సరి అయినదో చూద్దాం.

చలిజ్వరమంటే మలేరియా. దాని క్రిమి మన ఎర్రరక్తకణంలో దూరి, అందులోని హీమోగ్లోబిన్‌ను తిని, ఒకటి 16 అయి, ఒక్కొక్కప్పుడు 30 కూడా అయి, కణాన్ని బద్దలుకొట్టుకుని బయటపడుతుంది. ఇట్లా పరుల అన్నం తిని బతికేవాటిని పరాన్నజీవులంటారు. (ఎవరు పెట్టారో గాని, చక్కని పేరు!) రొనాల్డ్ రాస్ ఈ క్రిమిని దోమ కడుపులో కనిపెట్టింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న.

2017లో, పోర్చుగల్‌లోని లిస్బన్ నగరంలో పనిచేసే పరిశోధకులు ఒక సంగతి ప్రకటించారు. మలేరియా సోకిన ఎలుకలకు మేత తగ్గిస్తే, వాటి రక్తంలో క్రిములు తక్కువగా ఉన్నవి. ఆకలికి చచ్చాయనుకుంటున్నారా? కాదు. పిల్లలను తక్కువగా పెట్టాయి!

మెదడైనా లేని ఒంటికణపు జీవికి, ఇంట్లో బియ్యం నిండుకున్నవని ఎట్లా తెలిసింది? ఏ మాంసకృత్తును ఎట్లా తయారుచేయాలో కణంలోని జన్యువులలో రాసి ఉంటుంది. ఈ క్రిమికి అటువంటి జన్యువులు సుమారు 5 వేలు. అన్నీ ఒక్కసారే పనిచేయవు. మీ అమ్మకు వచ్చిన వంటలన్నీ ఒకే పూట వండుతుందా? క్రిమిలో 'కిన్' అనే మాంసకృత్తు ఉన్నది. తిండి తగ్గిన సంగతి దీని ద్వారానే క్రిమికి తెలుస్తుంది. అప్పుడు కొన్ని జన్యువుల పని తగ్గుతుంది, కొన్నిటి పని హెచ్చుతుంది. కిన్ జన్యువును తీసివేసి చూస్తే, ఎలుక పస్తున్నా క్రిములు ఎప్పటి జోరులోనే పెరిగాయి.

ఇంకొక వింత. పెద్దవాళ్ళ హీమోగ్లోబిన్‌లో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బొత్తిగా లేదు. క్రిమి దాన్ని బయటి రక్తరసం నుంచి తెచ్చుకోవలసిందే. గాజుపాత్రలో పెంచే క్రిములకు అది అందకుండా చేస్తే ఏమవుతుందో అమెరికాలో పరీక్షించి 2012లో ప్రకటించారు. అవి ఎండాకాలంలో మట్టిలో దాగిన కప్పల్లాగా మందకొడిగా పడి ఉన్నవి. తిరిగి ఇవ్వగానే పెరగసాగినవి.

కనక మా అమ్మమ్మ లెక్క సగమే సరి. తిండి తగ్గితే క్రిమి కాచుకుని కూర్చుంటుంది. నీరసించేది పిల్లవాడు. తలిదండ్రులారా, జ్వరం రాగానే రక్తపరీక్ష చేయించండి. డాక్టరు ఇచ్చిన మాత్రలన్నీ పూర్తిగా మింగించండి. పిల్లల కడుపు మాడ్చకండి.

నా చేత ఎనిమిదో ఏట రెండు రోజులు లంఖణం చేయించారు. మూడో రోజు సాయంత్రం, సరిగ్గా అదే వేళకు, వణుకు మళ్ళీ వచ్చింది.