చెరువు పేరు ఒక్కటే చాలదు

హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో నల్ల చెరువు ఉంది. కూకట్‌పల్లిలోనూ నల్ల చెరువు ఉంది. నాచారంలో పెద్ద చెరువు ఉంటే, దానికి దగ్గర్లోని రామంతాపూర్‌లో ఉన్నదీ పెద్ద చెరువే. ఆన్‌లైన్ మ్యాప్‌లో నీలం రంగు మీద మౌస్ ఆనించగానే ‘పెద్ద చెరువు’ అని లేబుల్ వస్తే, ఆ చుట్టుపక్కల ప్లాటు కొనబోయే మనిషికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. పోనీ నొక్కి చూద్దామంటే, తెరుచుకున్న పాపప్‌లో చాలా మ్యాప్‌లు చూపించేది ‘ఆబ్జెక్ట్ ఐడీ’, ‘షేప్ లెంగ్త్’, ‘షేప్ ఏరియా’ అనే వరుసలు. ఇవి సాఫ్ట్‌వేర్ తన అవసరం కోసం పెట్టుకున్న కాలమ్ పేర్లు. ఎవరూ సరిచేయకుండానే జనం ముందుకు వచ్చేస్తాయి. వైశాల్యం పక్కన దశాంశ స్థానాలతో పొడవాటి అంకె ఉంటుంది కానీ, అది చదరపు మీటర్లో ఎకరాలో చెప్పి ఉండదు. ప్రభుత్వ శాఖలు ప్రజల కోసం పెట్టే ప్రతి మ్యాప్‌లోనూ ఆ పాపప్ నాలుగు సంగతులు చెప్పి తీరాలి: ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు, ఏ కొలమానంలో కొలిచారు, చట్టం దృష్టిలో ఆ సమాచారం ఇప్పుడు ఏ దశలో ఉంది. ఆ చెప్పేది తెలుగులో ఉండాలి.

ఇది కొత్త కోరికేమీ కాదు. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా ప్రాంగణం ఉంది, సర్వేయర్లకు శిక్షణ ఇచ్చే ఆ శాఖ సంస్థా అక్కడే ఉంది. 1767లో మొదలైన ఆ శాఖ అచ్చువేసిన టోపోషీట్ ఏది తీసినా, బొమ్మ చుట్టూ ఉన్న అంచులో సర్వే చేసిన సంవత్సరం, స్కేలు, గుర్తుల పట్టిక, అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా అచ్చయి ఉంటాయి. ఆ షీటును ఎంత నమ్మవచ్చో షీటే చెబుతుంది. తెర మీది మ్యాప్‌కు అంచు లేదు. ఎటు జరిపితే అటు సాగిపోతుంది, ఎంత దగ్గరికి లాగితే అంత దగ్గరికి వస్తుంది. పదేళ్ల కిందటి గీత, నిన్న గీసిన గీత ఒకే మందంలో, ఒకే రంగులో కనిపిస్తాయి. కాగితం అంచు చేసిన పనిని ఇప్పుడు చేయగలిగింది పాపప్ ఒక్కటే. దాన్ని ఖాళీగా వదిలేశామంటే, సర్వేయర్లు రెండు శతాబ్దాలకు పైగా పాటించిన క్రమశిక్షణను వదిలేసుకున్నట్టే.

చెరువుల విషయంలో ఈ లోపం నేరుగా జేబుకు తగులుతుంది. 2012 ఏప్రిల్‌లో భవన నిర్మాణ నియమాలతో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) గీత నుంచి 30 మీటర్ల వరకు కట్టడాలు కూడదు. పది హెక్టార్లలోపు చెరువుకు, కుంటకు అయితే తొమ్మిది మీటర్లు. అంటే వైశాల్యం తెలియకుండా, కట్టడాలు కూడని ఈ బఫర్ ఎంతో తెలియదు. ఇక హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలో చెరువు హద్దు రెండు మెట్లలో ఖరారవుతుంది. ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు పిలుస్తారు, వాటిని విన్నాక తుది నోటిఫికేషన్ వస్తుంది. ఈ రెండింటి మధ్య గీత జరగవచ్చు. 2024 జులైలో ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడి ఎఫ్‌టీఎల్‌లోని కట్టడాల మీదికి యంత్రాలు వచ్చాక, తను కొన్న ప్లాటు గీతకు ఏ పక్కన ఉందన్నది ఒక కుటుంబం జీవితకాలపు పొదుపును తేల్చే ప్రశ్న అయింది. అలాంటి గీతను నొక్కినప్పుడు ‘ప్రాథమికం’ అనో ‘తుది’ అనో ఒక్క మాట, పక్కన తేదీ, నోటిఫికేషన్ కాపీకి లింకు రావాలి. ఆ ఒక్క మాట లేకపోతే అమ్మేవాడు చెప్పిందే నిజమవుతుంది.

నాచారంలో గాలి సంగతీ ఇంతే. అక్కడి పారిశ్రామికవాడలో గాలిని కొలిచే కేంద్రం ఉంది, దాని చుక్క దేశవ్యాప్త వాయు నాణ్యత సూచీ (ఏక్యూఐ) మ్యాప్‌లో కనిపిస్తుంది. ఆ చుక్క పచ్చగా ఉంటే ఇప్పుడు, ఈ క్షణంలో గాలి బాగుందని ఎవరైనా అనుకుంటారు. కానీ 2015 నుంచి అమల్లో ఉన్న ఏక్యూఐ పద్ధతిలో ధూళి కణాల లెక్క 24 గంటల సగటు, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్ లెక్క ఎనిమిది గంటలది. లెక్కలోకి తీసుకునే కాలుష్య కారకాలు మొత్తం ఎనిమిది. వాటిలో అందుబాటులో ఉన్నవాటి ఉపసూచీల్లో ఏది ఎక్కువైతే అదే ఆ రోజు ఏక్యూఐ. నాచారం, మల్లాపూర్ వాసులు ఏళ్లుగా రాత్రిళ్లు రసాయనాల వాసన వస్తోందని ఫిర్యాదు చేస్తున్నారు. ఫ్యాక్టరీల్లో వాడే సాల్వెంట్ల ఆవిర్లు ఆ ఎనిమిదింటిలో లేవు. కాబట్టి చుక్క పచ్చగా ఉండటం, ముక్కు పుటాలు మండటం రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ‘గత 24 గంటల సగటు, ఇందులో ఫలానావి కొలిచాం, వాసనలు ఈ లెక్కలోకి రావు’ అని పాపప్‌లో రెండు ముక్కలు రాస్తే ఫిర్యాదు చేసే మనిషిని అబద్ధాలకోరుగా చూడటం ఆగుతుంది.

చిన్న తెర మీద ఇంత సమాచారం కుక్కితే గందరగోళమే కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే పనులు పంచాలి. మౌస్ ఆనిస్తే వచ్చే లేబుల్‌లో పేరు, ఊరు, మండలం చాలు. నొక్కితే ఆ నాలుగు సంగతులు, మిగిలినదంతా లింకు వెనక. అయితే మౌస్ ఆనిస్తేనే కనిపించే చోట ముఖ్యమైనదేదీ పెట్టకూడదు. మనలో ఎక్కువ మంది మ్యాప్ చూసేది ఫోన్‌లో, అక్కడ ఆనించడానికి మౌస్ ఉండదు. రెండో అభ్యంతరం అధికారులది: ఇంత స్పష్టంగా రాస్తే రేపు ఎవరైనా దాన్ని కోర్టుకు పట్టుకెళ్తారని. ఆ భయంతోనే కాబోలు, ‘సమాచారం కోసం మాత్రమే’ అన్న వాక్యం అన్నిచోట్లా దర్శనమిస్తుంది. ఆ వాక్యం కొనేవాడికి ఏ సాయమూ చేయదు. ‘ప్రాథమిక నోటిఫికేషన్, ఇంకా ఖరారు కాలేదు’ అని రాసిన శాఖే నిజానికి ఎక్కువ క్షేమంగా ఉంటుంది. తాను చెప్పిందేమిటో, చెప్పనిదేమిటో అందులోనే రికార్డయి ఉంటుంది కనుక. తెలుగు పెట్టడం ఖర్చు అనేవారు 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చదవాలి. శాఖలు తమంతట తాము సమాచారం వెల్లడించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని అది చెబుతోంది. పైగా అనువదించాల్సింది కాలమ్ పేర్లనే, ఆ కొన్ని మాటలూ ఒక్కసారి రాస్తే ప్రతి చెరువుకూ పనికొస్తాయి.

సాంకేతికంగా ఇందులో కష్టమేమీ లేదు. 2011 నుంచి ఉచితంగా దొరుకుతున్న లీఫ్‌లెట్ లాంటి మ్యాప్ పనిముట్లలో లేబుల్ తగిలించడానికి ఒక వరుస కోడ్, పాపప్‌కు ఇంకో వరుస సరిపోతాయి. శ్రమంతా ఆ వరుసల వెనక ఉండాల్సిన పట్టికలో ఉంది: ప్రతి చెరువుకూ సర్వే తేదీ, ప్రతి గీతకూ నోటిఫికేషన్ నంబరు కూర్చోబెట్టి నింపాలి, మారినప్పుడల్లా దిద్దాలి. హెచ్‌ఎండీఏ, కాలుష్య నియంత్రణ మండలి ఈ పనికి మనుషులను కేటాయించాలి. అంతవరకు ఉప్పల్, నాచారం వైపు చెరువుల దగ్గర ప్లాటు చూస్తున్నవారు తెర మీది నీలం గీతను చూసి బయానా ఇవ్వకండి. తుది నోటిఫికేషన్ వచ్చిందా, వస్తే ఏ తేదీన, చెరువు వైశాల్యం ఎంత అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి.