బలం ఉండాలి, మాట ఆగకూడదు

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపినప్పుడు దేశమంతటితో పాటు మనమూ దుఃఖించాం, ఆగ్రహించాం. హంతకులకు, వారిని పెంచి పోషించేవారికి శిక్ష పడి తీరాలి. ఇందులో మనకు రెండో అభిప్రాయం లేదు. అయితే అణ్వస్త్రాలున్న పాకిస్తాన్‌తో కేవలం ఆయుధబలంతోనే వ్యవహరించగలమా అన్నది వేరే ప్రశ్న.

సైనిక బలం ఎదుటివారిని దాడికి వెనుకాడేలా చేస్తుంది. కానీ మన ఉద్దేశమేమిటో వారికి తెలిపే మార్గం లేకపోతే చిన్న పొరపాటైనా మహావిపత్తుకు దారితీయవచ్చు. 2022 మార్చిలో మన క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్ భూభాగంలో పడింది. ఉద్రిక్తతలు తీవ్రంగా ఉన్న రోజుల్లో అదే జరిగి ఉంటే?

ఒక్క దౌత్యమే చాలదన్నదీ నిజమే. 1999 ఫిబ్రవరిలో వాజపేయి బస్సులో లాహోర్ వెళ్లారు. కొన్ని నెలలకే కార్గిల్ చొరబాటు బయటపడింది. మన సైన్యం నియంత్రణ రేఖ దాటకుండానే దానిని తిప్పికొట్టింది. అయినా అదే ప్రధాని 2001లో ముషారఫ్‌ను ఆగ్రాకు ఆహ్వానించారు. 2003లో నియంత్రణ రేఖ వెంట కాల్పుల విరమణ కుదిరింది. పరస్పరం అణు కేంద్రాలపై దాడి చేయరాదన్న 1988 నాటి ఒప్పందం ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు చేతులు మారుతున్నాయి. 2025 మే 10న కాల్పులు ఆగింది కూడా ఇరుపక్షాల సైనికాధికారులు ఫోన్‌లో మాట్లాడుకున్న తర్వాతేనని మన ప్రభుత్వమే ప్రకటించింది.

మాట తెగినప్పుడు మూల్యం చెల్లించేది సరిహద్దు ప్రజలు. ఆ మేలో పాకిస్తాన్ ఫిరంగి గుండ్లకు పూంఛ్‌లో ముస్లింలు, సిక్కులు, హిందువులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఒక మదరసా ఉపాధ్యాయుడు ఉన్నారు. కొన్ని టీవీ ఛానళ్లు ఆయనను ఉగ్రవాదిగా చూపాయి. అది అబద్ధమని పోలీసులే ఖండించవలసి వచ్చింది. శత్రువు గుండుకు బలైన పౌరుడిని సొంత దేశపు మాధ్యమాలే శత్రువుగా ముద్ర వేశాయి. యుద్ధోన్మాదం మన ఇళ్ల దాకా ఇలాగే వస్తుంది.

అందుకే చర్చలు కోరడాన్ని దేశద్రోహంగా చూసే ధోరణిని మనం అంగీకరించం. యుద్ధం గురించి, శాంతి గురించి మాట్లాడడం పౌరులుగా మన హక్కు. దానికి ముందు విధేయతను నిరూపించుకోవలసిన పని లేదు. సరిహద్దులో కాపలా సడలనక్కరలేదు. 2019 నుంచి ఇరు రాజధానుల్లోనూ హైకమిషనర్లు లేరు. కనీసం వారిని తిరిగి నియమించుకోవాలి. ఉగ్రవాదంపై నిలదీయడానికైనా ఎదుట ఒక మనిషి ఉండాలి కదా!