కారం మందే.. కానీ వంటింటి కారం కాదు

బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే షుగర్ రోగులు ఓపీలో తరచూ చెప్పే మాట ఒకటుంది. ‘పగలు ఎట్లో గడిచిపోతుంది సార్, రాత్రి పడుకుంటే అరికాళ్లలో నిప్పులు పోసినట్టుంటుంది’ అని. అక్కి తగ్గి నెలలు గడిచినా ఆ చోట చొక్కా తగిలితే జివ్వుమంటుందని పెద్ద వయసువారు అంటుంటారు. ఇవి కండరాల నొప్పులూ కాదు, కీళ్ల నొప్పులూ కాదు. దెబ్బతిన్న నరాల నుంచి పుట్టే నొప్పులు. అందుకే మామూలు నొప్పి మాత్రలు వీటికి పెద్దగా పనిచేయవు.

ఇలాంటి నొప్పికి ఉన్న పూతమందుల్లో క్యాప్సైసిన్ ఒకటి. మిరపకాయకు ఘాటునిచ్చే పదార్థమే ఇది. మంటకు మంటే మందా అని మీకు అనుమానం రావచ్చు. చర్మంలోని నరాల కొసల్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తట్టేదీ ఆ గ్రాహకాన్నే. కారం తింటే నోరు కాలినట్టు అనిపించేది ఇందుకే. 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించిన బృందానికి నాయకుడైన డేవిడ్ జూలియస్ 2021లో మరో శాస్త్రవేత్తతో కలిసి నోబెల్ అందుకున్నారు. ఒకేచోట ఈ మందు పదేపదే రాస్తే నరాల కొసలు మొద్దుబారి, నొప్పి కబుర్లు తగ్గుతాయి. మందు ఆపాక అవి క్రమంగా మామూలు స్థితికి వస్తాయి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. రాసిన మొదటి రోజుల్లో మంట కాస్త పెరుగుతుంది. దాంతో మూడో రోజుకే ట్యూబును మూలన పడేస్తారు. ఈ క్రీములు సాధారణంగా 0.025, 0.075 శాతం మోతాదుల్లో ఉంటాయి. రోజుకు మూడు నాలుగుసార్లు చొప్పున కొన్ని వారాలు విడవకుండా రాస్తేనే పనిచేస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. అప్పుడైనా అందరికీ గుణం కనిపించదు. ఈ మాటలు ముందే చెప్పకుండా ఇచ్చే చీటీ వృథా అని నా అభిప్రాయం. రాసిచ్చే డాక్టరు, అమ్మే మెడికల్ షాపువారు రెండు నిమిషాలు కేటాయించాలి. వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి.

ఇంతకన్నా ప్రమాదకరమైనది వంటింటి వైద్యం. మిరపకాయే కదా అని పండుమిరప నూరి, కారంపొడి నూనెలో కాచి కాళ్లకు పట్టించకండి. మందులో ఘాటుకు లెక్క ఉంటుంది, రోట్లో నూరిన కారానికి ఉండదు. షుగర్ రోగి పాదంలో మంట, స్పర్శ లేకపోవడం రెండూ కలిసే ఉండవచ్చు. బొబ్బ లేచినా తెలియదు. అది పుండై, చీము పట్టి, ముదిరితే వేలో పాదమో తీసేయాల్సి వస్తుంది. నరాల నొప్పికి 8 శాతం క్యాప్సైసిన్ పట్టీ కూడా ఉంది. అమెరికాలో 2009లో అక్కి తర్వాతి నొప్పికి, 2020లో షుగర్ వల్ల వచ్చే పాదాల నొప్పికి దాన్ని అనుమతించారు. దాన్ని వైద్య సిబ్బందే వేసి, నిమిషాలు లెక్కబెట్టి తీస్తారు. ఘాటు పెరిగేకొద్దీ ఎంత జాగ్రత్త కావాలో దీన్నిబట్టే గ్రహించండి.

క్రీము రాసేటప్పుడు ఇవి పాటించండి. పుండ్లు, పగుళ్లు ఉన్నచోట రాయొద్దు. గ్లవ్స్ వేసుకోండి, లేదంటే రాసిన వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ చేత్తో కళ్లు తాకొద్దు, పిల్లల్ని ఎత్తుకోవద్దు. రాసే ముందు, తర్వాత వేడినీళ్ల స్నానం, కాపడం వద్దు. పైన గట్టిగా కట్టు కట్టొద్దు.

ఒక్క మాట మరవకండి. క్రీము నొప్పిని తగ్గిస్తుందే తప్ప నరాన్ని బాగుచేయదు. షుగర్ అదుపులో లేకపోతే నరం దెబ్బతింటూనే ఉంటుంది. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలో బి12 విటమిన్ తగ్గి కూడా తిమ్మిర్లు రావచ్చు, మద్యం వల్లా రావచ్చు. అందుకే ట్యూబు కొనేముందు రక్తపరీక్ష చేయించుకోండి, పాదాల స్పర్శ చూపించుకోండి. ఇంట్లో షుగర్ ఉన్న అవ్వా తాతలుంటే ఈ రాత్రి వాళ్ల అరికాళ్లు లైటు వెలుగులో ఒకసారి చూడండి. వాళ్లకు తెలియని పుండు మీ కంట పడితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.