ఉప్పు మీద తేలే మంచినీరు

నెల్లూరు జిల్లా బోగోలు మండలం తూర్పు అంచున, జువ్వలదిన్నె వైపు ఇసుక నేలల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి కన్నా సముద్రపు నీరు సుమారు రెండున్నర శాతం బరువు. అందువల్ల సముద్రమట్టానికి పైన అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, కింద దాదాపు 40 అడుగుల మేర అది ఉప్పునీటిని అణచిపెడుతుంది. పైన అడుగు తగ్గితే కింది ఉప్పు కాలక్రమంలో 40 అడుగులు ఎగదన్నుతుంది.

ఈ లెక్క చదవకపోయినా కోస్తా రైతుకు సంగతి తెలుసు. అందుకే ఇసుక నేలల్లో దొరువును, అంటే నీటి ఊటగుంటను, లోతుకు తవ్వడు. పైపైన ఊరిన నీటినే ముంచి నారుమళ్లకు పోస్తాడు. బాపట్ల శాస్త్రవేత్తలు మెరుగుపరిచిన దొరువు పద్ధతీ ఇదే: తక్కువ లోతులో చిల్లుల పైపులు అడ్డంగా పరిచి, మంచినీటిని మీగడ తీసినట్టు తీయడం.

ఆ మీగడ మీద బతికేది మనిషొక్కడే కాదు. ఈశాన్య రుతుపవనాల వానలకు భూగర్భ జలం పైకొచ్చి ఇసుక దిబ్బల మధ్య పల్లాల్లో గుంటలు కడుతుంది. కప్పలు గుడ్లు పెట్టేదీ, కొంగలు మేసేదీ, పశువులు తాగేదీ అక్కడే. మిగిలిన నీరు నేల అడుగునే నడిచి బకింగ్‌హామ్ కాలువలోకీ, ఉప్పుటేర్లలోకీ, తీరం కిందుగా కడలిలోకీ ఊరుతుంది. వెంట నత్రజని వంటి పోషకాలను మోసుకెళ్తుంది, ఉప్పు గాఢతను కాస్త తగ్గిస్తుంది. మడ మొలకలకు ఆ మాత్రం ఊరటే చాలు.

నేల లోపలా ప్రాణులున్నాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి బృందం ఆంధ్రలోని బోరుబావుల నీటిని వడగట్టి, కళ్లూ రంగూ లేని, రొయ్యలకు దూరపు చుట్టాలైన సూక్ష్మజీవులను శాస్త్రానికి పరిచయం చేసింది. బోరు వేసేవారికి అవి కనిపించవు, చట్టానికీ కనిపించవు.

2002 నాటి వాల్టా చట్టం పేరులో నీరూ, భూమీ, చెట్టూ పక్కపక్కనే ఉన్నాయి. అందులో బాగా తెలిసిన 250 మీటర్ల దూరం నిబంధన మాత్రం ప్రభుత్వ తాగునీటి వనరుల రక్షణకు పెట్టింది.

రొయ్యల చెరువుల కథ ఇంకా చిక్కు. ఇసుక నేల మీద ఉప్పునీరు నెలల తరబడి నిలిస్తే అది కిందికి ఇంకుతుంది. చుట్టుపక్కల బోర్లు తోడేకొద్దీ అడుగు ఉప్పు పైకి వస్తుంది. మంచినీటి పొర రెండు వైపులా నలుగుతుంది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల చెరువులను తొలగించాలని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2005లో వచ్చిన తీర ఆక్వా చట్టం వాటికి మళ్లీ దారి తెరిచింది.

ఇక్కడే కొలత మోసం చేస్తుంది. చెరువు నీరు ఇంకినచోట నీటిమట్టం పైకే కనిపిస్తుంది. లోతు మాత్రమే రాసుకునే పట్టికలో అది మంచి వార్త. గుంటలో కప్ప గుడ్డుకు మాత్రం ఆ ఉప్పు చావు. తాటిచెట్టు ఉప్పును చాలాకాలం ఓర్చుకుంటుంది కాబట్టి, దాన్ని చూసి నేల బాగుందనుకోవడం పొరపాటు. తీర మండలాల్లో లోతుతోపాటు ఉప్పుశాతాన్నీ వానలకు ముందొకసారి, తర్వాతొకసారి కొలవాలి. బోర్లలోనే కాక దిబ్బల మధ్య గుంటల్లోనూ కొలవాలి. కొత్త చెరువుకో బోరుకో అనుమతి ఇచ్చేముందు చూడాల్సిన అంకె ఆ ఉప్పుశాతమే.