గీతమీద గీత

మా యింట్లో ఏడాదిగా నేనొక నియమం పెట్టాను. ఘంటసాలగారి భగవద్గీత వింటే గ్రామఫోను రికార్డు మీదనే వినాలి గాని, కంప్యూటరులో వినరాదు. రికార్డులో పాటకు ప్రాణం వుంటుందనీ, అంకెల్లో వుండదనీ నా వాదం. తెలుగు ఎమ్మే చదివినవాడికి, వాదించడానికి ధ్వనిశాస్త్రం తెలిసి వుండాలా యేమిటి!

ఆ రికార్డు మా నాన్నగారు కొన్నది. 1974లో ఘంటసాలగారు పోయిన తరువాత, ఆ గీత మోగని వీధి లేదని చెప్పేవారాయన. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఆ రికార్డును అమ్మ రోజూ పొద్దున్నే పెట్టుకొని వినేది. నిరుడు చెయ్యి వణికి ముల్లు జారింది. రికార్డు మీద గీత పడింది. "ఇంక నువ్వు ముట్టుకోకమ్మా" అన్నాను, కాస్త విసురుగానే. అమ్మ ముట్టుకోలేదు.

మొన్న ఆదివారం, ఇంజనీరింగు చదివే మా అబ్బాయి ఆ రికార్డును ఒకసారి పాడించి, సెకనుకు 96,000 సార్లు కొలిచి, 24 బిట్ల అంకెల్లోకి ఎక్కించాడు. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు లెక్క 44,100 సార్లు, 16 బిట్లేనట.

"అయితే నీది రెండింతలు గొప్పదన్నమాట!" అన్నాను వెక్కిరింతగా.

"వినడానికి డిస్కు లెక్కే చాలు నాన్నా. మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాలు దాటితే వినబడదు. మీ వయసుకు అన్ని కూడా వినబడవు. ఎక్కువ బిట్లు ఎక్కించేటప్పుడు పనికొస్తాయి. వినేటప్పుడు ఆ తేడా మన ఫాను చప్పుడులో కలిసిపోతుంది. రికార్డుకు మాత్రం లోపాల్లేవా? లోపలి చుట్లు చిన్నవి కదా, అక్కడ గాడి ముల్లు కింద నెమ్మదిగా కదులుతుంది. అందుకే చివర కాస్త బొంగురుపోతుంది. పైగా పాడించిన ప్రతిసారీ గాడి అరుగుతుంది" అన్నాడు.

పందెం వేశాం. మలక్‌పేట స్టేషను మీదుగా రైలు వెళ్ళిపోయేదాకా ఆగి మొదలుపెట్టాం. రెండింటి ధ్వనినీ సమం చేశాడు వాడు. కాస్త బిగ్గరగా వున్నదే మంచిదనిపించడం చెవి స్వభావమట. మా ఆవిడ తెర వెనుక నిలబడి, ఒకసారి రికార్డూ, ఒకసారి నకలూ వినిపించింది. ఏడోసారి "ఇదీ ప్రాణమంటే!" అని తొడ చరిచాను. అది నకలు! పదింటికి అయిదు ఒప్పు. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వచ్చేవి.

అంటే, నేను ప్రాణమనుకున్న మెత్తదనమూ, చిటపటలూ అన్నీ నకలులోకి వచ్చేశాయన్నమాట. కొన్న రికార్డుకూ, కొన్న డిజిటలు పాటకూ తేడా వినబడితే, చాలావరకు అది తయారుచేసేటప్పుడు ధ్వనిని దిద్దిన తీరులోది. అసలు టేపులో లేనిది ఎన్నిసార్లు కొలిచినా రాదు.

నేను ఓటమి మింగుతూ వుండగా, వెనుకగదిలోంచి అమ్మ వచ్చి కూర్చుంది. "ఆపేశారేంరా? ఏడాదయింది విని" అన్నది.

నాకు నోట మాట రాలేదు. రికార్డును కాపాడాననుకున్నాను గాని, అమ్మకు గీత లేకుండా చేశానని అప్పటిదాకా తోచలేదు.

అచ్చుప్రతి వచ్చిందని తాటాకులు తగలబెట్టం గదా! రికార్డును ఎండ తగలని బీరువాలో నిలువుగా పెట్టాను. నాన్నగారి తిథినాడు తీస్తాను. నకలు మటుకు అమ్మ మంచం పక్కన చిన్న పెట్టెలో వుంది. ఒక్క మీట నొక్కితే చాలు. గీత పడిన చోట అదీ టక్కుమంటుంది. అప్పుడు అమ్మ నావంక చూస్తుంది.